దిష్టి గుమ్మడికాయా, ఫోన్ల తోరణమూ

పన్ను రిటర్నుల పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు కర్నూలులో మా ఇంటికి వస్తుంటారు. ఏ సెక్షను ముందు చదవాలి మేడమ్ అని అడుగుతారు. సెక్షన్లు ఏటా మారుతుంటాయి, అవి తర్వాత చదువుకోవచ్చు, ముందు మా ఆఫీసు గోడ సంగతి వినండి అంటాను. కొందరు టీ తాగి వెళ్లిపోయి మళ్లీ రారు. మిగిలిన వాళ్ల కోసం ఈసారి రాసి పెడుతున్నాను.

బేతంచెర్లలో స్టేషను నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో, బండల లారీలు ఆగే చోట, ఒక టీకొట్టు పైన మా ఆఫీసు. అందులో మేం ముగ్గురం. యజమానిని సారు అనేవాళ్లం. కంప్యూటరు ముందు కూర్చుని అన్నీ ఎక్కించే ఆయన్ని భాయ్ అనేవాళ్లం. లెక్కలు చూసి రిటర్ను తయారు చేసేది నేను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీల వాళ్లు, గనుల వాళ్లు, లారీల వాళ్లు. అక్కడి గాలిలో రాతి పొడి ఎప్పుడూ ఉంటుంది. కీబోర్డును పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికల్లా దాని మీద మా వేలిముద్రలు కనిపించేవి.

సారు కుర్చీ వెనక గోడకు దేవుడి పటం ఉండేది. పటం కింద వరసగా మేకులు. ఒక్కో మేకుకు ఒక్కో చిన్న బటన్ల ఫోను, పురికొసతో కట్టి. వాటిని భాయ్ ‘తోరణం’ అనేవాడు. సంగతేమిటంటే, ఆదాయపు పన్ను వెబ్‌సైటులో ఎవరికైనా ఖాతా తెరిచేటప్పుడు వాళ్ల మొబైల్ నంబరు ఇవ్వాలి. ఆ ఖాతాకు సంబంధించిన ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి. మేం మాత్రం వచ్చిన ప్రతి మనిషికీ మా ఫోను నంబరే ఇచ్చేవాళ్లం. ఒక నంబరు మీద ఇంతమందికి మించి కుదరదని వెబ్‌సైటు అడ్డం చెప్పినప్పుడల్లా సారు ఇంకో ఫోను కొని ఇంకో మేకు కొట్టేవాడు.

సారు దొంగ కాదు. ఆ మాట ముందే చెప్పాలి. ఒకరి పైసా ముట్టిన మనిషి కాదు. ఆయన వాదన ఆయనకుండేది. “మనోళ్లు ఆర్నెల్లకో సిమ్ము మారుస్తారు. గని లోపల సిగ్నలుండదు. మెసేజీ వస్తే అది ఓటీపీనో లాటరీనో తెలీదు. ఆఖరు తేదీ నాడు వాళ్లను యాడని ఎతుక్కునేది?” అనేవాడు. అందులో అబద్ధం లేదు. ఊళ్లోవాళ్లకు కూడా ఈ ఏర్పాటు హాయిగానే ఉండేది. “మాదంతా సారుకు తెలుసు” అని ఒకరికొకరు గర్వంగా చెప్పుకునేవారు.

పాస్‌వర్డు కూడా అందరికీ ఒక్కటే. దేవుడి పేరు, దాని వెనక ఒక గుర్తు, కొన్ని అంకెలు. ఈ విషయంలో నాకూ సారుకూ ఏటా పోట్లాటే. “ఊరందరూ రోజూ గట్టిగా పలికే పేరును బీగం చేస్తే ఎట్ల సారూ?” అని నేను. “ఆ పేరే కాపాడతాది” అని ఆయన. ఇంటర్నెట్టు డబ్బాకు ఒక నిమ్మకాయ, మూడు మిరపకాయలు కూడా కట్టించాడు, రిటర్నుల గడువు ముగిసే జూలై ఆఖర్లో వెబ్‌సైటు మొరాయించకుండా. నిమ్మకాయ ఎండి రాయైపోయింది కానీ వెబ్‌సైటు మొరాయించడం మానలేదు. అప్పుడు భాయ్ గంభీరంగా, “కాయ పాతదైంది సారూ, వ్యాలిడిటీ అయిపోయింది” అనేవాడు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నా చదువు సగం కాలేజీలో అయితే సగం వాదసభల్లో జరిగింది. దయ్యం పట్టిందని ఆడపిల్లలను వేపమండలతో కొట్టే వాళ్లతో, గ్రహణం నాడు గర్భిణులను గదిలో పెట్టి తాళం వేసే వాళ్లతో మైకు ముందు నిలబడి వాదించిన దాన్ని. రాళ్లు పడ్డ సభలూ ఉన్నాయి, చప్పట్లు పడ్డ సభలూ ఉన్నాయి. ఆ సభలు నాకొక సూత్రం నేర్పాయి. చీకట్లో పెట్టిందల్లా బూజు పడుతుంది, కాబట్టి బయట పెట్టు. కులం పేరుతో జరిగే అవమానమైనా, ఇంట్లో తగిలిన దెబ్బైనా, ఒంట్లోని రోగమైనా, గుట్టు అన్నది మూఢత్వానికి మేనత్త అని వ్యాసాలు రాశాను. ఇప్పటికీ అందులో చాలా భాగం నిజమే అనుకుంటాను. చాలా భాగం.

అటువంటి నా దగ్గరికి ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒకామె వచ్చింది. సారు భోజనానికి, భాయ్ నమాజుకు వెళ్లిన వేళ చూసుకునే వచ్చిందని తర్వాత అర్థమైంది. ఆమెది పాలిష్ ఫ్యాక్టరీ. భర్త పోయాక తనే నడుపుతోంది. మొదట్లో బండలు కొనడానికి వచ్చిన వాళ్లు “మగోళ్లెవరూ లేరా?” అని అడిగితే, “మిషన్ తిరుగుతాండాది గదా, దానికేమన్నా మీసాలుండాయా?” అని వాళ్ల నోరు మూయించిన మనిషి. ఆ రోజు మాత్రం కుర్చీ అంచున కూర్చుంది.

“అక్కా, ఒగ మాట. ఒంట్లో బాగలేనోళ్లకు పన్ను తగ్గిస్తారంట గదా. నిజమేనా?”

“కొన్నింటికి ఉండాది. ఎవురికి బాగలేదు?”

“నాకే.”

సంచిలోంచి డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం తీసి ఇచ్చింది. చదివాను. మినహాయింపు కచ్చితంగా వస్తుంది. కాకపోతే ఆ వివరం రిటర్నులో రాయాలి. రాస్తే, రిటర్ను చూసిన ఎవరికైనా ఆమెకున్న జబ్బు ఏ జాతిదో తెలిసిపోతుంది. పన్ను కాగితంలో డబ్బు ఒక్కటే ఉంటుందనుకుంటారు చాలామంది. మనిషి ఎక్కడ తింటున్నాడు, ఎవరికి పంపుతున్నాడు, ఏ ఆసుపత్రి మెట్లెక్కుతున్నాడు, అన్నీ అందులో అంకెల వేషం వేసుకుని కూర్చుని ఉంటాయి.

“ఇది నీ హక్కు, వేద్దాం” అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. నాలోని సభ లేచింది. “దీన్ని దాచుకునేదేముందమ్మా? జబ్బంటే పాపమా? నువ్వే నలుగురిలో ధైర్యంగా చెప్పినావంటే ఇంకా ఎంతమందికి ధైర్యమొస్తాదో తెలుసా?” అని మొదలుపెట్టాను.

ఆమె మధ్యలో అడ్డం రాలేదు. అంతా విని, కాగితాన్ని మడతల వెంబడే మళ్లీ మడిచింది.

“నువ్వు చెప్పేది మీటింగుకు శానా బాగుంటాదక్కా. మీటింగు అయినంక నువ్వు ఇంటికి పోతావు. నేను ఫ్యాక్టరీకి పోవల్ల.”

అప్పుడు మిగతాది చెప్పింది. ఫ్యాక్టరీ స్థలం అన్నదమ్ములిద్దరిది. భర్త పోయిన తర్వాత పెద్దమనుషులు కూర్చున్నప్పుడు, భర్త అన్న, అంటే ఆమె బావ, ఒక మాట ఒప్పించుకున్నాడు. ఆమె నడపగలిగినన్ని దినాలు ఫ్యాక్టరీ ఆమె చేతిలో, నడపలేని దినం తన చేతికి. ఆ బావ ఫ్యాక్టరీ పక్క గేటే. ఈ కాగితం సంగతి ఆయన చెవిన పడితే మర్నాడే పెద్దమనుషులను పిలుస్తాడు. మందులు వేసుకుంటూ, ఒక్క లారీ లోడు ఆలస్యం కాకుండా నడుపుతున్న ఫ్యాక్టరీ ఆమె చేయి జారుతుంది.

“ఇది ఎవురెవురు చూస్తారక్కా?”

“డిపార్ట్‌మెంటు. అది గూడా ముందు కంప్యూటరే చూస్తాది.”

“డిపార్ట్‌మెంటుకు నేను భయపడను. అది ఢిల్లీలో ఉంటాది. మా బావ పక్క గేట్లో ఉండాడు.” ఆమె చూపు గోడ మీదికి పోయింది. “ఆ ఫోన్లేంది?”

చెప్పాను. ఆమె కాసేపు తోరణాన్ని చూసింది.

“అంటే నా ఇంటి బీగంచెవి ఇన్ని దినాలూ మీ గోడకు ఏలాడతాండాదన్న మాట.”

నేనూ సారూ ఏళ్ల తరబడి వాదించుకున్నదాన్ని ఆమె ఒక్క వాక్యంలో తేల్చేసింది. అప్పటికప్పుడే ఆమె ఖాతాలో మా నంబరు తీసేసి ఆమె నంబరు పెట్టాను. కొత్త పాస్‌వర్డు పెట్టేటప్పుడు కుర్చీ ఆమెకిచ్చి నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. కింద ఒక లారీ వెనక్కి వస్తోంది, క్లీనరు “రానీ రానీ” అని అరుస్తున్నాడు. ఆమె ఒక్కో అక్షరం వెతికి కొట్టేదాకా ఆ లారీనే చూశాను. ఆమె రిటర్ను నేనే వేశాను. ఓటీపీ ఆమె ఫోనుకు వచ్చింది, ఆమే చదివి చెప్పింది. భాయ్‌కి గానీ సారుకు గానీ ఈ మాట చెప్పలేదు.

ఇక ఆ ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. దేవుడి రథోత్సవానికి చందా ఇంటికింత అని వేయరు. ఫ్యాక్టరీలో ఎన్ని మిషన్లుంటే అన్ని వంతులు. కమిటీ వాళ్లు వచ్చి మిషన్లు లెక్క పెట్టుకుని పోతారు. అందులో ఏటా ఒక రగడ ఉంటుంది. “అది తుప్పు పట్టిన మిషనప్పా, తిరగదు.” “నిన్న తిరుగుతాంటే చూసినా గదా?” “అది గాలికి తిరిగింటాది.” ఈ రకంగా. ఆ ఏడాది రథం చక్రాలు బాగుచేయించాల్సి వచ్చి ఖర్చు పెరిగింది, రగడా పెరిగింది. అప్పుడు కమిటీలో ఒకాయన లేచి, “మిషన్లు లెక్కపెట్టేదేంది పాతకాలం మాదిరి? ఐటీ రిటర్నులు చూసి చందా వేద్దాం. ఎవని సంపాదన ఎంతో అంత వంతు. ఇది న్యాయం” అన్నాడట. ఆ మాటన్నది ఆమె బావే. మరదలి మీద కుట్రతో అన్నాడని నేననను. తనకు మిషన్లు ఎక్కువ, రాబడి తక్కువ, అందుకన్నాడు. కమిటీకి కోశాధికారి మా సారే. “అందరివీ మా ఆఫీసులోనే ఉండాయి. ఆదివారం రండి, కూర్చుని చూద్దాం” అని ఆయన మాటిచ్చి వచ్చాడు.

విన్న రోజు నేను కుర్చీలోంచి లేచాను.

“సారూ, అవి మన కాగితాలు కాదు. వాళ్లవి. పన్ను కట్టేదానికి ఇచ్చినారు, చందాకు కాదు.”

“మనమేమన్నా తింటాండామా? దేవుని పనిమ్మా.”

“దేవుడు సర్వాంతర్యామి అంటారు గదా సారూ. ఎవని సంపాదన ఎంతో ఆయనకు ముందే తెలుసు. మళ్లీ మనం వెబ్‌సైటులో చూసి ఆయనకు చెప్పేదేంది?”

భాయ్‌కి దగ్గు వచ్చింది. సారుకు కోపం వచ్చింది. “నీతో వాదించేంత చదువు నాకు లేదు. నువ్వు తెరవద్దు. భాయ్ తెరుస్తాడు” అన్నాడు. భాయ్ నా వైపు చూసి చేతులు రెండూ పైకెత్తాడు. “నౌకరీ అక్కా. సారు తెరవమంటే తెరవల్ల.”

ఆ సాయంత్రం ఆమె ఫ్యాక్టరీకి వెళ్లాను. పాలిష్ మిషన్ కింద బండ మీద నీళ్లు పారుతున్నాయి. గేటుకు బూడిద గుమ్మడికాయ, దాని పక్కన నాలుక బయటపెట్టిన దిష్టిబొమ్మ. వచ్చినప్పుడల్లా ఆ గుమ్మడికాయను వెక్కిరించేదాన్ని. ఆ రోజు వెక్కిరించే తీరిక లేదు. సంగతి చెప్పాను. నీ ఖాతా తెరుచుకోదు, అంతవరకు భయం లేదు అన్నాను.

ఆమె నాకంటే ముందుకు ఆలోచించింది. “తెరుచుకోకపోతే మా బావ ఊరుకుంటాడా? వీధిలో అందరి తలుపులూ బార్లా తీసుంటే మూసిన తలుపే గదా కనపడేది. ఏం దాస్తాండాదో అని అప్పుడు తవ్వుతాడు.”

ఇది నాకు తట్టలేదు. ఒక్కరికే గుట్టు ఉంటే అది గుట్టు కాదు, అనుమానం. అందరికీ ఉండాలి. లేకపోతే ఎవరికీ ఉన్నట్టు కాదు. ఏం చేద్దామని అడిగాను. ఆమె మిషన్ ఆపి చేతులు కొంగుకు తుడుచుకుంది.

“తలుపు తట్టనీ అక్కా. తట్టినప్పుడు చూసుకుందాం.”

ఆదివారం పొద్దున కమిటీ వచ్చింది. ముందు అధ్యక్షుడు, గనులున్న పెద్దాయన, తెల్లటి మీసాలు, ఎవరినైనా “ఏమప్పా” అని నిండుగా పలకరించే మనిషి. వెనక ఆమె బావ. ఇంకా ఇద్దరు ముగ్గురు. కింది నుంచి టీ వచ్చింది. సారు తెల్ల కాగితం మీద గళ్లు గీసి పెట్టాడు. నేను నా మూల కుర్చీలో, ఏ పనీ పెట్టుకోకుండా, చూస్తూ కూర్చున్నాను.

మొదట అక్కడ లేని ఒక చిన్న ఫ్యాక్టరీ ఆయన ఖాతా తెరిచారు. భాయ్ పేరు కొట్టాడు, దేవుడి పేరు కొట్టాడు, ఖాతా తెరుచుకుంది. అందరూ బెంచీ మీద నుంచి ముందుకు వంగారు.

“వీనికి బాడిగ వస్తాండాదా? యాడ?”

“నంద్యాల్లో ఇల్లుండాదంట చూడు.”

“ఓరి వీని! ఇన్నేండ్లూ నా బీడీలు అడుక్కొని తాగినాడు గదప్పా!”

“బ్యాంకులో వడ్డీ చూడండి, వడ్డీ.”

“ఆయప్ప పెండ్లాం మొన్న మా ఇంటికొచ్చి చక్కెర బదులు తీసుకుపోయె!”

గళ్లు గీసిన కాగితం అలాగే ఉంది. చందా సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఇంకొకరి ఖాతా తెరిచారు. అందులో నవ్వడానికేమీ లేదు, అప్పులే ఉన్నాయి. “పాపం” అన్నాడొకాయన. “పాపమేంది, మొన్న పెండ్లిలో ఎట్ల మురిసినాడో చూసినావా?” అన్నాడింకొకాయన. ఆ ఇద్దరు మనుషులూ ఆ వేళకు తమ ఇళ్లల్లో ఏ అన్నమో తింటూ ఉండి ఉంటారు. వాళ్ల ఇంట్లోకి ఇంతమంది చెప్పులతో దూరారని వాళ్లకు తెలియదు.

“మా మరదలిది తీయప్పా” అన్నాడు ఆమె బావ.

భాయ్ పేరు కొట్టాడు. దేవుడి పేరు కొట్టాడు. తెరుచుకోలేదు. మళ్లీ కొట్టాడు. పాస్‌వర్డు తప్పని వచ్చింది. మా దగ్గర అలాంటప్పుడు చేసే పని ఒక్కటే. పాస్‌వర్డు మరచిపోయాం అన్న మాట మీద నొక్కితే ఓటీపీ వస్తుంది, దాంతో కొత్తది పెట్టుకోవచ్చు. భాయ్ అలవాటుగా నొక్కేసి తోరణం వైపు తిరిగాడు. సారు తిరిగాడు. కమిటీ మొత్తం తిరిగింది. ఏ ఫోను మోగుతుందా అని అందరూ గోడకేసి చూస్తున్నారు. ఒక్కటీ మోగలేదు.

మోగింది నా చేతిసంచి. తీసి చూసి, స్పీకరు పెట్టి, ఫోను సారు ముందు బల్ల మీద పెట్టాను.

“అక్కా, నా ఫోనుకు ఏందో నంబరు వచ్చినాది. నేనేమీ అడగలేదే! ఎవురది నా తలుపు తడతాండేది?”

సారు గొంతు సవరించుకున్నాడు. “ఏం లేదమ్మా... కమిటీ వాళ్లొచ్చినారు. చందా లెక్క... దేవుని పని.”

“చందా ఎంతో చెప్పండి సారూ, తెచ్చిస్తా. దేవుడు నా దగ్గర టెంకాయ అడిగినాడు, వెంట్రుకలు అడిగినాడు. ఓటీపీ ఎప్పుడూ అడగలేదే?”

పెద్దాయన మీసాల కింద నవ్వు మొదలైంది. బావకు మాత్రం నవ్వు రాలేదు. “ఎవురూ దాచనిది నువ్వేంటికి దాస్తాండావమ్మా? ఏముండాది అంత దాచేది?”

ఇదే ఆమె ఊహించిన ప్రశ్న. ఆ క్షణంలో నేను బల్ల అంచు పట్టుకున్నాను.

“బావా, నీ గేటుకు గుమ్మడికాయ ఎవురు కట్టినారు?”

“నేనే కట్టినా.”

“ఏంటికి?”

“ఏంటికేంది? దిష్టి తగలకుండా.”

“లోపల మిషన్ దొంగదా మరి?”

“దొంగదేంది? నా దుడ్లు పెట్టి కొన్నా!”

“దొంగది గాకపోయినా నలుగురి కన్ను పడగూడదని కట్టినావు. మిషన్‌కు గుమ్మడికాయ కట్టి, మిషన్ మీద వచ్చేదంతా బెంచీ మీద పరిచి చూపిస్తాండారే, దీనికి తగలదా దిష్టి? నీది తెరిచి చూసినారా బావా? నువ్వు లేనప్పుడు ఎవురెవురు చూసినారో కనుక్కున్నావా?”

పెద్దాయన అప్పటికే నవ్వడం మానేశాడు. భాయ్ వైపు తిరిగాడు.

“ఏమప్పా, నాది గూడా ఇట్లే తెరుచుకుంటాదా? నేను ఇంట్లో పండుకున్నప్పుడు?”

భాయ్ సారును చూశాడు. సారు నేలను చూశాడు. “తెరుచుకుంటాది పెద్దాయనా.”

“ఎవురికైనానా?”

“పాస్‌వర్డు తెలిసినోళ్లకి.”

“ఏంది పాస్‌వర్డు?”

భాయ్ చెప్పలేక చెప్పాడు.

“అదా! అది గుళ్లో గంట కొట్టినోళ్లందరికీ తెలుసు గదప్పా!” పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు. “ఏమేముంటాయి దాంట్లో?”

“బ్యాంకు వడ్డీ, అమ్మిన భూమి, ఎల్లైసీ, పిల్లోళ్ల ఫీజులు, మందులకు పెట్టింది...”

“మందులు గూడానా?”

పెద్దాయన చెయ్యి తెలియకుండానే చొక్కా జేబు మీదికి వెళ్లింది. ఆ తర్వాత చాలా మెల్లగా, “మూసెయ్యప్పా. అన్నీ మూసెయ్. ముందు నాదాంట్లో నా నంబరు పెట్టు” అన్నాడు.

ఆ మాటతో బెంచీ మీద ఉన్నవాళ్లందరికీ ఒక్కసారే తమ తమ ఖాతాలు గుర్తొచ్చాయి. అందరివీ నంబర్లు మార్చేసరికి కింద టీకొట్టు మూసేశారు. అందరూ వెళ్లాక, ఆఖర్న ఆమె బావ నా దగ్గరికి వచ్చి, తల పక్కకు తిప్పి, “నాది గూడా మార్చండి మేడమ్” అన్నాడు. మార్చాను. కొత్త పాస్‌వర్డు కొట్టేటప్పుడు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. బావైతేనేం? తలుపంటే అందరికీ ఒకటే. మర్నాటి నుంచి మూసి ఉన్న తలుపు ఆమె ఒక్కదానిదే కాదు కాబట్టి, ఆమె తలుపు గురించి ఎవరూ మాట్లాడలేదు. చందా మళ్లీ మిషన్ల లెక్కనే వేశారు. తుప్పు పట్టిన మిషన్‌కు సగం వంతు అని పెద్దాయన తీర్పు చెప్పాడు. చక్రాలు బాగుపడ్డాయి, రథం కదిలింది.

సారు కొన్నాళ్లు నాతో కాగితాల ద్వారానే మాట్లాడాడు. తర్వాత ఒక పొద్దున నేను వెళ్లేసరికి స్టూలెక్కి తోరణంలోంచి ఒక ఫోను విప్పుతున్నాడు. “ఈ ఫోను మీదుండే వాళ్లందరూ మార్చుకునేసినారు” అన్నాడు నా వైపు చూడకుండా. ఒక్కో ఫోనూ దిగింది. మేకులు మాత్రం తీయలేదు; తర్వాత వాటికి క్యాలెండర్లు వచ్చాయి. నిమ్మకాయ జోలికి నేనూ పోలేదు, ఆయనా పోలేదు. ఒక్క వాదనకు ఒక్క గెలుపు చాలు.

ఆ జూలై ఆఖరు మాత్రం మా ప్రాణాలు తోడేసింది. ప్రతి మనిషికీ ఫోను చేసి ఓటీపీ అడగాలి. ఒకాయన గని పైకెక్కి సిగ్నలు దొరికాక, ఊపిరి ఆడక, అంకెలకు బదులు ఆయాసం వినిపించాడు. ఒకామె ఓటీపీ చెప్పమంటే, “ఎవురికీ చెప్పొద్దని దీంట్లోనే రాసుండాది, నేను చెప్పను” అని పెట్టేసింది. నిజానికి ఆమెకు మొక్కాలి. భాయ్ తల పట్టుకున్నాడు. “ఊరందరికీ గేట్లు పెట్టించి నన్ను వాచ్‌మన్‌ను చేసినావక్కా” అన్నాడు. “వాచ్‌మన్‌కు మర్యాద ఉంటాది భాయ్, గోడ దూకేవానికి ఉండదు” అన్నాను. ఆయన తరువాత తనకు తెలిసిన వాళ్లందరికీ ఈ మాట తనదిగా చెప్పుకున్నాడు. చెప్పుకోనీ.

నేను దిష్టిని నమ్మను. చూపుకు శక్తి లేదు. రాయిని పగలగొట్టాలంటే సమ్మెట కావాలి, కన్ను చాలదు. కానీ చూసినవాడికి చెయ్యి ఉంది, నోరు ఉంది. ఆ చేతిని, ఆ నోటిని చూసి భయపడ్డ మనుషులు, ఆ భయానికి సరైన పేరు తెలియక గుమ్మడికాయ కట్టారు. మందు తప్పు, రోగం నిజం. నేను ఏళ్ల తరబడి మందును వెక్కిరిస్తూ, రోగం కూడా లేదన్నట్టు మాట్లాడాను. బయట పెట్టు అని నేను సభల్లో అరిచిన మాట ఇప్పటికీ అరుస్తాను. అయితే అది అధికారం ఉన్నవాడితో అరవాల్సిన మాట. కమిటీ లెక్కలు బయట పెట్టు, పంచాయతీ ఖర్చు బయట పెట్టు, మంత్రగాడి మోసం బయట పెట్టు. ఫ్యాక్టరీ నడుపుకునే ఒంటరి మనిషి ఒంట్లోని సంగతి బయట పెట్టడం ఆమె ఇష్టం. పెడితే ధైర్యం, పెట్టకపోతే కూడా ధైర్యమే.

పిల్లలూ, మా తోరణం గోడకు కనిపించేది, ఎవరైనా వేలు చూపి అడగగలిగారు. మీ తోరణాలు కనిపించవు. ఉచితంగా రిటర్ను వేసిపెడతామని ఒక యాప్ వస్తుంది. మీ మెయిలు చదవనిమ్మంటుంది, మెసేజీలు చూడనిమ్మంటుంది, కింద ‘ఒప్పుకుంటున్నాను’ అన్న చోట నొక్కమంటుంది. మా సారు కనీసం టీ ఇచ్చేవాడు. నొక్కే ముందు ఒక్కసారి అడగండి: రిటర్ను వేసేదానికి ఇది ఏంటికి కావాలి? జవాబు రాకపోతే నొక్కొద్దు. రేపు మీరు ఇలాంటి ఆఫీసుల్లో కూర్చున్నప్పుడు, ఎదుటి మనిషి పాస్‌వర్డు కొట్టే వేళ కిటికీలోంచి లారీలు చూడండి. మా వృత్తిలో అంతకంటే పెద్ద విద్య నాకు దొరకలేదు.

నేను ఉద్యోగం మానిన రోజు సారు శాలువా కప్పాడు. ఆమె మాత్రం ఒక పెద్ద బూడిద గుమ్మడికాయను సంచిలో పెట్టుకుని మేడమెట్లెక్కి వచ్చింది. “నువ్వు నమ్మవని తెలుసు. గేటుకు కట్టకపోతే వండుకోనన్నా వండుకో” అంది. వడియాలు పెట్టాను. కర్నూలు ఎండకు రాళ్లలా ఎండాయి.

మొన్న ఆమె ఆసుపత్రి పని మీద కర్నూలు వచ్చినప్పుడు మా ఇంట్లోనే అన్నం తింది. ఫ్యాక్టరీకి కొత్త మిషన్ తెచ్చిందట. దాని చందా గురించి బావతో పోట్లాడుతోందట. పప్పులోకి ఆ వడియాలే వేయించాను. తిన్నాక ఈ కాగితాలు తీసి మొదటి నుంచి చదివి వినిపించాను. నవ్వాల్సిన చోట నవ్వింది. బీగంచెవి మాట దగ్గర, “నేను అట్ల అన్నానా?” అని మురిసిపోయింది. ధ్రువపత్రం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎత్తింది. అక్కడ నేను రెండు వాక్యాలు రాసి ఉన్నాను. జబ్బు పేరు ఒకటి, అందులో సిగ్గుపడాల్సింది లేదని ఇంకొకటి. రెండూ నిజాలే. రెండోది చాలా బాగా కుదిరింది కూడా.

“ఆ రెండూ తీసెయ్ అక్కా.”

“ఇంత దూరం వచ్చినాక గూడానా? పేరు లేదు గదమ్మా.”

“ఊరి పేరు ఉండనీ. బేతంచెర్లలో ఫ్యాక్టరీలు ఎన్ని లేవు? జబ్బు మాత్రం నాది.”

నాలోని సభ ఒక్కసారి లేవబోయింది. కూర్చోమన్నాను. పెన్ను ఆమె చేతికే ఇచ్చి, వడియాల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆ రెండు వాక్యాలూ లేవు.